విదేశంలో ఉంటూ బిడ్డకి ఐరిష్ పేరు పెట్టాలంటే: పలుకు నుంచి పాస్‌పోర్ట్ దాకా స్టెప్ బై స్టెప్

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో కెనడాలోనో ఉంటూ, ఇంట్లో ఒకరిది ఐర్లండ్ అయ్యి, పుట్టబోయే బిడ్డకి ఐరిష్ పేరే పెట్టాలని ఫిక్సయిన వాళ్ళ కోసం రాస్తున్నా ఇది. మా ఆయనది మేయో కౌంటీ, నాది ఏలూరు, ఉండేది మెల్‌బోర్న్, మా పాప పేరు రోషీన్. ఆ పేరు పెట్టేలోపు చదివినవి, అత్తగారిని అడిగి తెలుసుకున్నవి, ఆఫీసుల్లో కనుక్కున్నవి అన్నీ ఒక్క చోట పెడుతున్నా.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. ఐరిష్ స్పెల్లింగ్ చూసి భయపడి దాన్ని సగం విరిచి సొంతంగా ఒకటి తయారు చెయ్యకండి. భయంగా ఉంటే తేలికైన పేరు ఎంచుకోండి, ఐరిష్‌లో అలాంటివి బోలెడున్నాయి. పేరు మార్చుకున్నా పర్లేదు గానీ స్పెల్లింగ్ పాడు చెయ్యొద్దు.

స్టెప్ 1: లిస్టు చెవితో రాసుకోండి, కంటితో కాదు

అందరూ ఏదో వెబ్‌సైట్లో అక్షరాలు చూసి పేరు నచ్చిందనుకుంటారు, తర్వాత అది అలా పలకరని తెలిసి డీలా పడిపోతారు. ముందు వినండి. టీంగ్లన్ అని ఒక ఐరిష్ డిక్షనరీ సైట్ ఉంది, అందులో మాటల్ని మూడు యాసల్లో, అంటే ఐర్లండ్‌లోని మన్‌స్టర్, కానక్ట్, అల్‌స్టర్ ప్రాంతాల యాసల్లో వినిపిస్తారు. డబ్లిన్ ట్రినిటీ కాలేజీ వాళ్ళది అబర్ అని ఇంకోటుంది, మీరు ఏది టైప్ చేస్తే అది ఐరిష్‌లో చదివి వినిపిస్తుంది. ఇవి రెండూ ఫ్రీయే.

యాసలు ఎందుకు పట్టించుకోవాలంటే, ఒకే పేరుని ఊరిని బట్టి వేరేగా పలుకుతారు. సి-ఏ-ఓ-ఐ-ఎమ్-హెచ్-ఇ అనే పేరు ఉత్తరాన కీవా, దక్షిణాన క్వీవా. ఓ-ఐ-ఎస్-ఐ-ఎన్ ఒకచోట ఓషీన్, ఇంకోచోట ఉషీన్. షివాన్‌ని అల్‌స్టర్ వైపు షూవాన్ అనేవాళ్ళున్నారు. ఇందులో ఏదీ తప్పు కాదు. మీ ఇంటి వైపు వాళ్ళు ఎలా అంటారో అదే మీ పలుకు, అందుకని ఐర్లండ్‌లో ఉన్న అవ్వాతాతల చేత లిస్టులో పేర్లన్నీ చదివించి వాట్సాప్‌లో వాయిస్ నోట్ పెట్టించుకోండి. మా అత్తగారు ఒక్కో పేరు చదువుతూ ఆ పేరున్న చుట్టాల కథలు కూడా చెప్పింది, రెండు పేర్లు అక్కడే లిస్టులోంచి ఎగిరిపోయాయి.

పాత పేర్లు ఏమేం వాడారో చూడాలంటే 1901, 1911 జనాభా లెక్కల కాగితాలు ఐర్లండ్ నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ళు ఆన్‌లైన్లో ఫ్రీగా పెట్టారు. ఊరు, ఇంటిపేరు కొడితే ముత్తాతల ఇంట్లో ఎవరెవరున్నారో వచ్చేస్తుంది. కాకపోతే అప్పట్లో ఇంట్లో ఐరిష్‌లో పిలుచుకున్నా కాగితం మీద ఎక్కువగా ఇంగ్లీషు రూపమే రాయించేవాళ్ళు. అక్కడ బ్రిజెట్ అని కనిపిస్తే ఇంట్లో బ్రీడ్ అని పిలిచి ఉండొచ్చు, పాట్రిక్ అని ఉంటే పాడ్రిగ్ అయ్యుండొచ్చు.

స్టెప్ 2: స్పెల్లింగ్ రూల్స్ ఒక సాయంత్రం కూర్చుని నేర్చుకోండి

ఇది స్కిప్ చెయ్యకండి ప్లీజ్, గైడ్ మొత్తానికి గుండెకాయ ఇదే. ఐరిష్ స్పెల్లింగ్‌కి రూల్ లేదని అనుకుంటారు గానీ నిజానికి ఇంగ్లీషు కంటే రూల్ గట్టిగా ఉన్న భాష అది. ఇంగ్లీషు రూల్స్‌తో చదవబోతేనే తేడా కొడుతుంది.

పాత ఐరిష్ వర్ణమాలలో ఉన్నవి 18 అక్షరాలే. జె, కె, క్యూ, వి, డబ్ల్యూ, ఎక్స్, వై, జెడ్ లేవు. మరి వ అనే శబ్దం ఎలా రాస్తారు? బి-హెచ్ కలిపి, లేదా ఎమ్-హెచ్ కలిపి. ఈ ఒక్కటి తెలిస్తే సగం పేర్లు విడిపోతాయి. ఎన్-ఐ-ఏ-ఎమ్-హెచ్ చూడండి, ఎన్ అంటే న, ఐ-ఏ కలిస్తే ఈ, ఎమ్-హెచ్ అంటే వ్. నీవ్, అంతే. ఎస్-ఏ-డి-హెచ్-బి-హెచ్ అనేది చూడగానే కీబోర్డ్ మీద చెయ్యి పడినట్టుంటుంది గానీ, ఎస్ అంటే స, ఏ-డి-హెచ్ కలిసి ఐ, బి-హెచ్ అంటే వ్, మొత్తం సైవ్.

ఆ హెచ్ ఎక్కడిదంటే, పూర్వం ఐరిష్‌ని వేరే లిపి అచ్చులో వేసేవాళ్ళు, హల్లు మెత్తబడితే దాని నెత్తిన చుక్క పెట్టేవాళ్ళు. 20వ శతాబ్దం మధ్యలో మామూలు రోమన్ అచ్చుకి మారినప్పుడు ఆ చుక్క పోయి పక్కన హెచ్ వచ్చింది. కాబట్టి హెచ్ కనిపిస్తే దాన్ని విడిగా పలకకుండా ముందున్న హల్లు మారిందని అర్థం చేసుకోవాలి. టి-హెచ్ అంటే హ. డి-హెచ్, జి-హెచ్ చాలాచోట్ల మాయమైపోతాయి లేదా య అవుతాయి. ఎఫ్-హెచ్ అస్సలు పలకదు. సి-హెచ్ గొంతులోంచి వచ్చే ఖ లాంటిది.

సి ఎప్పుడూ క, ఎక్కడా స అవ్వదు. కిలియన్ మర్ఫీ 2024లో ఆస్కార్ గెలిచినప్పుడు పేరు అందరి నోళ్ళలో నానింది కదా, అది సిలియన్ కాదు.

ఎస్ సంగతి కొంచెం చూడాలి. పక్కన ఇ గానీ ఐ గానీ ఉంటే ష, ఏ, ఓ, యు ఉంటే స. అందుకే షాన్, షినేడ్, షివాన్, రోషీన్. ఎస్-ఏ-ఓ-ఐ-ఆర్-ఎస్-ఇ పేరులో రెండు రకాలూ ఉన్నాయి, మొదటి ఎస్ పక్కన ఏ ఉంది కాబట్టి స, రెండో ఎస్ పక్కన ఇ ఉంది కాబట్టి ష, మొత్తం సీర్షా. నటి సీర్షా రోనన్ తన పేరుని సర్షా అని పలుకుతుంది, అదీ చెల్లుతుంది. ఆ అమ్మాయి 1994లో న్యూయార్క్‌లోనే పుట్టింది, వలస వచ్చిన ఐరిష్ తల్లిదండ్రులు అమెరికాలో ఉండి కూడా స్పెల్లింగ్‌ని ఒక్క అక్షరం తగ్గించలేదు.

ఏ-ఓ-ఐ మూడూ కలిస్తే మామూలుగా ఈ. ఇది గుర్తుంటే ఈఫా, కీవా, సీర్షా మూడూ ఒకేసారి వచ్చేస్తాయి. అన్ని అచ్చులు ఎందుకంటే వాటిలో కొన్ని పలకడానికి లేవు, పక్క హల్లుని ఎలా పలకాలో చెప్పడానికి ఉన్నాయి. ఎన్ పక్కన ఇ, ఐ ఉంటే దాదాపు న్య అయిపోతుంది, అందుకే ఆన్యా, గ్రాన్యా.

ఇక ఫాడా. అచ్చు మీద కుడివైపుకి వంగిన చిన్న గీత. తెలుగు వాళ్ళకి ఇది ఒక్క ముక్కలో అర్థమవుతుంది, అది దీర్ఘం. బలి, బాలి ఒకటి కానట్టే ఐరిష్‌లో గీత ఉన్న పేరు, లేని పేరు ఒకటి కావు. షాన్ పేరులో ఏ మీద గీత తీసేస్తే అది ముసలి, పాత అనే మాట అయిపోతుంది. అందుకని ఫాడాని డెకరేషన్ అనుకోవద్దు, అక్షరంలో భాగమే. అలాగే అందంగా ఉందని లేని చోట పెట్టొద్దు కూడా, ఈమధ్య ఇదీ చూస్తున్నా.

ఒక మంచి విషయం, మన నోరు దీనికి బాగా తిరుగుతుంది. ఐరిష్‌లో ఏ, ఓ, యు పక్కనుండే టి, డి నాలుక పళ్ళకి తగిలించి పలుకుతారు, అంటే మన త, ద కి దగ్గర. టి-ఏ-డి-హెచ్-జి ని అమెరికా వాళ్ళు టైగ్ అంటే మనం తైగ్ అని ఇంకా సరిగ్గా అనగలం. షార్ట్‌లిస్టుని తెలుగు లిపిలో ఫ్రిజ్ మీద అంటించుకోండి, మా అమ్మ వీడియో కాల్లో చూసి మొదటిసారే కరెక్ట్‌గా చదివేసింది.

స్టెప్ 3: స్పెల్లింగ్ ఏ దారిలో వెళ్ళాలో తేల్చుకోండి

ఒక్కో పేరుకీ చాలాసార్లు కాలాన్ని బట్టి వేరే వేరే స్పెల్లింగులుంటాయి. పాత ఐరిష్ కథల్లోని కానక్ట్ రాణి మేవ్ పేరే తీసుకోండి. పాత ఐరిష్‌లో ఎమ్-ఇ-డి-బి, తర్వాత ఎమ్-ఇ-ఏ-డి-హెచ్-బి-హెచ్, ఇప్పటి పద్ధతిలో గీత ఉన్న ఇ తో ఎమ్-ఇ-ఏ-బి-హెచ్, ఇంగ్లీషు వాళ్ళకి ఎమ్-ఏ-ఇ-వి-ఇ. నాలుగూ మేవే. 20వ శతాబ్దం మధ్యలో ప్రభుత్వం స్పెల్లింగ్‌ని సంస్కరించి, 1958లో అధికారిక ప్రమాణం అచ్చేసినప్పుడు పలకని అక్షరాలు చాలా తీసేశారు, కానీ పేర్ల విషయంలో పాత రూపాలంటే జనానికి మమకారం పోలేదు. 2021లో ఐర్లండ్‌లో అమ్మాయిలకి ఎక్కువగా పెట్టిన పేరు ఫియా, దాన్ని చివర పలకని డి-హెచ్‌తో పాత పద్ధతిలోనే రాస్తున్నారు.

మీ ముందు దారులు మూడు. ఫాడాలతో సహా పూర్తి ఐరిష్ స్పెల్లింగ్. లేదా అక్షరాలు అవే ఉంచి, మీ దేశం కాగితాలు ఒప్పుకోవు కాబట్టి ఫాడా లేకుండా. లేదా ఎప్పట్నుంచో స్థిరపడిన ఇంగ్లీషు రూపం, అంటే మేవ్, కీరన్, రోరీ, ఓర్లా, ఓవెన్, నోరా లాంటివి. ఈ మూడోది తక్కువ రకమేం కాదు, ఐర్లండ్‌లోనే బోలెడుమంది వాడతారు. గాయని ఎన్యా కూడా అంతే, ఆవిడ అసలు పేరు ఇ-ఐ-టి-హెచ్-ఎన్-ఇ అని రాస్తారు, డోనెగాల్ వైపు ఎలా పలుకుతారో అలా ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టుకుంది.

నేను వద్దనేది నాలుగో దారి, ఈ మూడింటికీ చెందని సొంత కల్పన. సగం ఐరిష్ అక్షరాలు, సగం ఇంగ్లీషు అక్షరాలు, మధ్యలో ఒక వై. అది ఐర్లండ్ వాళ్ళకీ అర్థం కాదు, మీ ఊళ్ళో వాళ్ళకీ అర్థం కాదు, పిల్ల జీవితాంతం ఇద్దరికీ స్పెల్లింగ్ చెప్పుకోవాలి. ఐరిష్ స్పెల్లింగ్ అయితే కనీసం ఒక దేశం మొత్తం దాన్ని చూడగానే చదివేస్తుంది.

కొన్ని పేర్ల దగ్గర ప్రత్యేకంగా ఆగి ఆలోచించాలి. సి-ఐ-ఏ-ఆర్-ఏ ఐర్లండ్‌లో కీరా, అమెరికాలో అదే స్పెల్లింగ్‌తో ఫేమస్ సింగర్ ఉంది, ఆవిడ సియారా, కాబట్టి అక్కడుంటే జీవితాంతం దిద్దుతూ ఉండాలి. కె-తో మొదలయ్యే కీరా స్పెల్లింగ్ అప్పుడు బెటర్. కేట్‌లిన్ అని అమెరికాలో అనే పేరు ఐరిష్‌లో కాచ్‌లీన్‌కి దగ్గరగా ఉంటుంది. కోలీన్ అనేది ఐరిష్‌లో అమ్మాయి అనే మామూలు మాట, విదేశాల్లోని ఐరిష్ కుటుంబాలే దాన్ని పేరు చేసుకున్నాయి, ఐర్లండ్‌లో పుట్టిన పిల్లకి పెట్టడం అరుదు. ఎరిన్, షానన్ కూడా బయట దేశాల్లో ముందు పాపులర్ అయినవే, ఒకటి దేశం పేరు, ఒకటి నది పేరు. పెట్టుకోవచ్చు, కాకపోతే అత్తగారి మొహంలో చిన్న ఆశ్చర్యం కనిపిస్తే అదీ కారణం.

ఓవెన్ అని పలికే ఇ-ఓ-ఐ-ఎన్, ఇ-ఓ-జి-హెచ్-ఏ-ఎన్ రెండూ వేరే వేరే పేర్లు. మొదటిది జాన్ అనే బైబిల్ పేరుకి ఐరిష్ రూపం, రెండోది దానికంటే పాత స్థానిక పేరు. తాత పేరు పెడుతున్నామనుకుంటే ఆయన ఏది రాసేవాడో చూసి రాయండి.

అర్థంతో పాటు కథ కూడా చూసుకోండి. నీవ్ అంటే ఓషీన్‌ని గుర్రమెక్కించుకుని ముసలితనం లేని లోకానికి తీసుకెళ్ళిన బంగారు జుట్టు పిల్ల. లీర్ పిల్లల కథలో సవతి కొడుకుల్నీ కూతుర్నీ హంసలుగా మార్చేసిన ఆవిడ పేరు ఈఫా, ఆ హంసల్లో పెద్దక్క ఫినూలా, 900 ఏళ్ళు తమ్ముళ్ళని రెక్కల కింద కాచుకుంది. అయినా ఈఫా అని ఎంతోమంది ఆనందంగా పెట్టుకుంటారు, ఎందుకంటే ఇంకో కథలో ఈఫా గొప్ప యోధురాలు. డెర్‌డ్రా కథ మాత్రం మొత్తం విషాదమే. తెలిసి పెట్టుకుంటే మంచిది, పిల్లలు ఎలాగూ ఒకరోజు అడుగుతారు.

స్టెప్ 4: పేరుని నాలుగు చోట్లకి తీసుకెళ్ళి చూడండి

కాఫీ షాపులో ఆర్డర్‌కి ఆ పేరే చెప్పండి, కప్పు మీద ఏం రాశారో చూడండి. ఫోన్లో కస్టమర్ కేర్‌కి స్పెల్లింగ్ చెబుతున్నట్టు గట్టిగా చెప్పి చూసుకోండి, మొదటి రెండు అక్షరాలకే అలిసిపోతే ఆలోచించాల్సిందే. అప్పుడే ఉద్యోగంలో చేరిన టీచర్ ఎలా చదువుతుందో ఊహించుకోండి. తప్పు చదవడం పెద్ద సమస్య కాదండి, ఒకసారి చెప్తే గుర్తుంటుందా లేదా అన్నదే అసలు ప్రశ్న. నీవ్, మేవ్, ఈఫా ఒకసారి వింటే పడిపోతాయి. సైవ్ కూడా అంతే. గొంతు ఖ ఉన్న పేర్లు ఇంగ్లీషు దేశాల్లో కష్టం, అక్కడ క అయిపోతుంది.

పేరు ఎంత మామూలో ఎంత అరుదో చూడటానికి ఐర్లండ్ సెంట్రల్ స్టాటిస్టిక్స్ ఆఫీసు వాళ్ళ బేబీ నేమ్స్ టూల్ ఉంది, 1964 నుంచి ఏ పేరు ఎంతమందికి పెట్టారో గ్రాఫ్‌తో చూపిస్తుంది. అమెరికాలో ఉంటే సోషల్ సెక్యూరిటీ వాళ్ళ లిస్టు 1880 నుంచి ఉంది. అక్కడ ఫాడాలు ఉండవు కాబట్టి మామూలు అక్షరాలతో వెతకండి.

మనలాంటి సగం సగం ఇళ్ళకి ఇంకో పరీక్ష కూడా ఉంది, హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కజిన్స్ నోట్లో ఆ పేరు ఏమవుతుందన్నది. డి-ఏ-ఐ-టి-హెచ్-ఐ చక్కటి పేరు, పలికేది మాత్రం దాహీ, హిందీ తెలిసిన పిల్లలకి వెంటనే పెరుగు గుర్తొస్తుంది. సొర్ఖా అంటే వెలుగు, ఇంగ్లీషు నోట్లో సోర్కా అయ్యి, మన ఇంట్లో సొరకాయ దాకా వెళ్ళిపోతుంది. ఊనా వినడానికి బాగుంటుంది గానీ తెలుగు పంతులుగారికి ఊనం అనిపిస్తుంది. కథల్ లాగా కనిపించే సి-ఏ-టి-హెచ్-ఏ-ఎల్ అసలు పలుకు కాహల్.

రెండు వైపులా కుదిరేవి కూడా ఉన్నాయి. తార, మీత్ కౌంటీలో పాత ఐరిష్ రాజుల కొండ పేరు, మనకి ఆకాశంలో తార. కియరాన్ మన కిరణ్‌కి చెల్లే పలుకు, కాకపోతే కియరాన్ అంటే నల్లనివాడు, కిరణ్ అంటే వెలుగు. ఆన్యా ఎక్కడైనా నడుస్తుంది.

పుట్టింటి వైపు నక్షత్రం అక్షరం పట్టుబడితే అదేం అడ్డు కాదు, లెక్క పలుకుకే కదా స్పెల్లింగ్‌కి కాదు. కృత్తిక రెండో పాదం ఈ, ఈఫా సరిపోతుంది. రోహిణి మొదటి పాదం ఓ, ఓర్లా, ఓషీన్. మృగశిర నాలుగో పాదం కీ, కీవా, కీరా. అనూరాధ రెండో పాదం నీ, నీవ్. శతభిషం మూడో పాదం సీ, సీర్షా. మా పాపది స్వాతి మూడో పాదం, రో, బారసాల రోజు బియ్యంలో మా నాన్న రోషీన్ అని తెలుగులో రాశారు, పక్కన మా ఆయన ఐరిష్‌లో రాశాడు.

స్టెప్ 5: కాగితాల సంగతి డెలివరీకి ముందే కనుక్కోండి

బిడ్డ పుట్టాక నిద్ర లేని కళ్ళతో ఫారం నింపుతారు, అప్పుడు ఆలోచించే ఓపిక ఉండదు. పేరుని పెద్ద అక్షరాలతో, ఫాడాలు ఎక్కడెక్కడో గుర్తుపెట్టి ఒక కాగితం మీద రాసి హాస్పిటల్ బ్యాగులో పెట్టుకోండి. రిజిస్ట్రేషన్ గడువు ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. ఇంగ్లండ్, వేల్స్, నార్తర్న్ ఐర్లండ్‌లో 42 రోజులు, స్కాట్లండ్‌లో 21, ఇక్కడ విక్టోరియా రాష్ట్రంలో 60, కెనడా ఒంటారియోలో 30. అమెరికాలో చాలావరకు హాస్పిటల్లోనే ఫారం ఇచ్చేస్తారు.

ముందుగా అడగాల్సిన ప్రశ్న ఒకటే, బర్త్ సర్టిఫికెట్ మీద ఫాడా వస్తుందా? ఇంగ్లండ్‌లో వస్తుంది. కాలిఫోర్నియాలో 1986లో ఇంగ్లీషుని అధికార భాష చేసుకున్న తర్వాత ఏళ్ళ తరబడి 26 ఇంగ్లీషు అక్షరాలకి మించి ఒప్పుకోలేదు. రూల్స్ మారుతుంటాయి కాబట్టి మీ రాష్ట్రం ఆఫీసుకి మెయిల్ పెట్టి జవాబు రాతలో తీసుకోండి. రాదంటే బాధపడకండి, మిగతా అక్షరాలన్నీ కరెక్ట్‌గా ఉంచి, ఫాడా ఒప్పుకునే ప్రతి చోటా వాడండి. సర్టిఫికెట్ చేతికొచ్చిన రోజే అక్షరం అక్షరం చెక్ చెయ్యండి, ఎమ్-హెచ్ కాస్తా హెచ్-ఎమ్ అవ్వడం చాలా మామూలు.

పాస్‌పోర్ట్ విషయానికొస్తే, ఐర్లండ్ ద్వీపంలో పుట్టిన ఐరిష్ పౌరుడో పౌరురాలో తల్లిదండ్రుల్లో ఒకరైతే, బిడ్డ ఎక్కడ పుట్టినా పుట్టుకతోనే ఐరిష్, నేరుగా పాస్‌పోర్ట్‌కి అప్లై చెయ్యొచ్చు. అవ్వా తాతల్లో ఒకరు మాత్రమే ఐర్లండ్‌లో పుట్టి ఉంటే ముందు ఫారిన్ బర్త్స్ రిజిస్టర్‌లో చేరాలి. అదే తల్లో తండ్రో ఆ రిజిస్టర్ ద్వారా పౌరసత్వం తెచ్చుకున్న వాళ్ళైతే, బిడ్డ పుట్టేలోపే వాళ్ళ పేరు అందులో ఎక్కి ఉండాలి, పుట్టాక ఎక్కితే బిడ్డకి రాదు. ఈ డేట్ దగ్గర జాగ్రత్త.

ఐరిష్ పాస్‌పోర్ట్‌లో పేరు రాసే చోట ఫాడా అచ్చవుతుంది, కింద మెషీన్ చదివే రెండు లైన్లలో మాత్రం ఏ దేశానికైనా ఏ నుంచి జెడ్ దాకా మామూలు అక్షరాలే. అందుకే విమానం టికెట్ ఫాడా లేకుండా బుక్ చేసినా ఇబ్బంది రాదు. బర్త్ సర్టిఫికెట్‌లో ఫాడా లేకుండా వచ్చి పాస్‌పోర్ట్‌లో కావాలనుకుంటే అప్లికేషన్ పంపేముందే వాళ్ళని అడగండి. తర్వాత ఓసీఐ కార్డు (భారత మూలాలున్న విదేశీ పౌరులకి ఇండియా ఇచ్చేది) తీసుకుంటే పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే ఉండాలి, కాబట్టి వరుస ఇలా ఉంచుకోండి: బర్త్ సర్టిఫికెట్, పాస్‌పోర్ట్, ఆపైన ఓసీఐ.

ఇంటిపేరు కూడా ఐరిష్ రూపంలో పెట్టాలనుకుంటే ఒక మాట. తండ్రికి ఓ, మాక్ ఉంటే కూతురికి నీ, నిక్ అవుతుంది, అంటే అన్నాచెల్లెళ్ళ ఇంటిపేర్లు వేరేగా కనిపిస్తాయి. ఐర్లండ్‌లో ఇది మామూలు, బయట ఎయిర్‌పోర్టుల్లో, స్కూళ్ళలో ప్రతిసారీ వివరించాలి. ఆ ఓ తర్వాత ఖాళీ ఉంటుంది కాబట్టి కొన్ని సాఫ్ట్‌వేర్లు దాన్ని మిడిల్ నేమ్ అనుకుంటాయి. పేరు పూర్తి ఐరిష్‌లో, ఇంటిపేరు ఇంగ్లీషు రూపంలో పెట్టుకున్న ఇళ్ళే నాకు ఎక్కువ తెలుసు, మేమూ అదే చేశాం.

స్టెప్ 6: ఆ తర్వాత పని

ఫాడా టైప్ చెయ్యడం ఇంట్లో అందరికీ నేర్పండి. ఫోన్లో అచ్చు మీద వేలు నొక్కి ఉంచితే వస్తుంది. విండోస్‌లో ఐరిష్ కీబోర్డ్ పెట్టుకుంటే కుడివైపు ఆల్ట్ పట్టుకుని అచ్చు నొక్కాలి. మ్యాక్‌లో ఆప్షన్, ఇ కలిపి నొక్కి తర్వాత అచ్చు.

బిడ్డ పుట్టిన కబురు పంపేటప్పుడు ఫోటోతో పాటు పేరు పలికిన పది సెకన్ల వాయిస్ నోట్ పెట్టండి, అవ్వ గొంతైతే ఇంకా మంచిది. డే కేర్‌లో చేర్చేటప్పుడు ఫారం మీద పేరు పక్కనే పలుకు రాసివ్వండి. ఎవరైనా తప్పు పలికితే మొదటిసారే నవ్వుతూ దిద్దండి, నెల గడిచాక దిద్దాలంటే ఇద్దరికీ ఇబ్బంది. ఇంట్లో కూడా ఐరిష్ పలుకే వాడండి, బయటివాళ్ళ కోసం మీరే దాన్ని మార్చి పలికితే పిల్ల కూడా అదే నేర్చుకుంటుంది.